ఫ్రీవే పక్కన ఇల్లు - పసిపిల్లల ఊపిరితిత్తులు

క్రిందటేడాది మేము ఇల్లు మారుతున్నప్పుడు ఫ్రీవే పక్కనే ఒక అపార్ట్‌మెంటు తక్కువ అద్దెకి దొరికింది. ఆఫీసు పది నిమిషాల దూరం. సంతకం పెట్టేద్దామనుకుంటూ ఉంటే, ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు బాల్కనీ కమ్మీ మీద వేలు రాసి చూపించారు. వేలంతా నల్లటి మసి. "అమ్మాయ్, చంటాడు పీల్చేది ఈ గాలేనా?" అన్నారు. మావాడికి అప్పటికి రెండేళ్ళు. నేను డాక్టర్ని కాను. ఆ ప్రశ్నకి జవాబు కోసం చదివి తెలుసుకున్నవి మనవాళ్ళకి పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

పుట్టేనాటికి పిల్లల ఊపిరితిత్తులు పూర్తిగా తయారై ఉండవు. అందులోని గాలి గదులు చాలావరకు పుట్టిన తర్వాతే ఏర్పడతాయి. పైగా ఒంటి బరువుతో పోలిస్తే పిల్లలు పెద్దవాళ్ళకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు. వాహనాల పొగలోని సన్నటి ధూళి (పి.ఎం. 2.5) ముక్కులో ఆగకుండా ఊపిరితిత్తుల లోపలిదాకా పోతుంది.

సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ వారు 1990లలో 12 ఊళ్ళ బడిపిల్లల మీద "చిల్డ్రన్స్ హెల్త్ స్టడీ" మొదలుపెట్టారు. ఏటేటా పిల్లల చేత గొట్టంలోకి గట్టిగా ఊదించి కొలిచారు. 2004లో వచ్చిన ఫలితం ఇది: 18 ఏళ్ళు వచ్చేసరికి, ఊదే శక్తి ఉండవలసినదానిలో 80 శాతం కూడా లేనివాళ్ళు సన్నటి ధూళి అతి తక్కువగా ఉన్న ఊళ్ళో 1.6 శాతం, అతి ఎక్కువగా ఉన్న ఊళ్ళో 7.9 శాతం. ఫ్రీవేకి 500 మీటర్ల లోపు పెరిగిన పిల్లల ఊపిరితిత్తులు, 1500 మీటర్ల అవతల ఉన్నవారికన్నా తక్కువగా ఎదిగాయని 2007లో తేల్చారు.

వీళ్ళు పదేళ్ళ వయసు నుంచి చూసిన పిల్లలు. అంతకన్నా ముందు సంగతి న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ వారు చూశారు. గర్భిణీల వీపుకి గాలి కొలిచే పరికరం తగిలించారు. పొగలోని రసాయనాలు ఎక్కువగా పీల్చిన తల్లుల పిల్లలకి అయిదేళ్ళప్పుడు ఐక్యూ సుమారు 4 పాయింట్లు తక్కువగా ఉందని 2009లో ప్రకటించారు.

సంతోషించవలసిన మాట కూడా ఉంది. కాలిఫోర్నియాలో గాలి శుభ్రపడ్డాక పెరిగిన పిల్లల్లో, 15 ఏళ్ళకి ఊపిరి శక్తి తక్కువగా ఉన్నవారు 7.9 నుంచి 3.6 శాతానికి తగ్గారని 2015లో అదే యూనివర్సిటీ తెలిపింది.

మరి మనం చేయగలిగేది?

* ఇల్లు, డేకేర్ చూసుకునేటప్పుడు ఫ్రీవే ఎంత దూరమో మ్యాప్‌లో చూడండి. ఫ్రీవేకి 500 అడుగుల లోపు కొత్త బడులు కట్టడాన్ని కాలిఫోర్నియా 2003లోనే చట్టంతో కట్టడి చేసింది. అద్దె ఇళ్ళకి ఆ చట్టం లేదు, మనమే చూసుకోవాలి.
* ఎయిర్‌నౌ వెబ్‌సైటులో మీ జిప్ కోడ్ కొట్టి చూడండి. అంకె 100 దాటితే ఆ రోజు పార్కు మానేయడం మంచిది. కార్చిచ్చు పొగ రోజుల్లో ఇది మరీ ముఖ్యం.
* స్ట్రోలర్ నడక పెద్ద రోడ్డు వెంట కాకుండా లోపలి వీధుల్లో పెట్టుకోండి.
* పిల్లలు పడుకునే గదిలో హెపా ఫిల్టరు పెట్టండి.
* దగ్గు, పిల్లికూతలు తగ్గకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి.

మేము ఆ అపార్ట్‌మెంటు వదులుకున్నాం. ఇప్పుడు అద్దె కొంచెం ఎక్కువ, ఆఫీసు అరగంట దూరం. మా అత్తగారు మాత్రం రోజూ సాయంత్రం మనవణ్ణి నిశ్చింతగా బయట తిప్పుతున్నారు.