మా మామ జీపుకు చుట్టిన తెల్ల తాడు

ఇవాళ ముందే ఒక మాట చెప్పేసి మొదలుపెడతా. మీ ఇంట్లో పాత జీపో, ట్రాక్టరో, అంబాసిడరో ఉండి, దాని సైలెన్సర్ పైపుకు తెల్లగానో బూడిద రంగులోనో తాడు లాంటిది చుట్టి ఉంటే దాన్ని ముట్టుకోకండి. బ్లేడుతో గీకొద్దు. ఎయిర్ పైపు అసలే పెట్టొద్దు. ఎందుకో చెప్పాలంటే వందేళ్లు వెనక్కి పోవాలి. దారిలో పులివెందుల కూడా తగులుతది.

మాది వీర్నపల్లి. నా చిన్నప్పుడు మా మామ డీజిల్ జీపు నడిపేవాడు. వీర్నపల్లి నుంచి సిరిసిల్లకు, సిరిసిల్ల నుంచి వీర్నపల్లికి. వెనక పది మంది, ముందు డ్రైవర్ కాకుండా ఇద్దరు. ముందు కూర్చున్నోళ్లకు ఎండాకాలం నరకమే. కాళ్ల కింద రేకు కాలిపోయేది, గోనెసంచి మడిచి వేసుకునేవాళ్లు. ఒకసారి సిరిసిల్లలో మెకానిక్ కాక ఒక తెల్ల తాడును నీళ్లల్ల తడిపి, ఇంజన్ పక్కనుండే ఎగ్జాస్ట్ మానిఫోల్డుకు, కిందికి దిగే పైపుకు గట్టిగా చుట్టి, ఇనుప తీగతో బిగించిండు. ఆ రోజు నుంచి వేడి నిజంగానే తగ్గింది. నాకు అది మ్యాజిక్ లాగ అనిపించింది.

బీటెక్ అయింది, హైదరాబాద్‌లో ఐదేళ్లు కోడ్ రాసిన, మానేసి ఈ ఛానల్ పెట్టిన. ఇదంతా మీకు తెలుసు. పోయిన ఎండాకాలం కొట్టంలో పడి ఉన్న ఆ జీపును మళ్లీ నడిపిద్దామని ఒక సిరీస్ అనుకున్న. కొత్త ఎగ్జాస్ట్ ర్యాప్ ఆన్‌లైన్‌లో తెప్పించిన. కెమెరా ఆన్ చేసి, బ్లేడు పట్టుకొని పాత తాడు గీకుడు మొదలుపెట్టిన. పౌడర్ లాగ రాలుతుంది. వెనక నుంచి మామ, "అల్లుడా, మూతికి దస్తీ అన్న కట్టుకో రా" అన్నడు. నేను నవ్విన. ఆ ఫుటేజీ మీకు చూపించను.

ఆ రాత్రి ఎడిటింగ్ చేస్తూ, ఈ తాడు దేంతో చేస్తరో చూద్దామని వెతికిన. మరి నిద్ర పట్టలేదు.

ముందు వేడి సంగతి తొందరగా చెప్పేస్తా. ఇంజన్‌లో కాలే డీజిల్ శక్తిలో దాదాపు మూడో వంతు పొగతో పాటు బయటికే పోతది. లోడ్ మీద పెట్రోల్ ఇంజన్ మానిఫోల్డు దగ్గర పొగ 800, 900 డిగ్రీలు ఉంటది. పాత డీజిల్‌లో అంతకంటే తక్కువ. ఆ పైపు ఎర్రబడితే చుట్టూ వేడి చిమ్ముతది. కెల్విన్ లెక్కలో టెంపరేచర్ రెట్టింపైతే ఆ రేడియేషన్ పదహారు రెట్లు అయితది. అందుకే బానెట్ కింద వైర్లు, రబ్బరు పైపులు ముందే ముసలివైపోతయి. దీనికి మూడే దారులు. పైపుకు బట్ట చుట్టడం, పైపుకు కొంచెం దూరంలో రేకు అడ్డం పెట్టడం, పైపుకే సిరామిక్ పూత వేయడం. కంపెనీ కార్లలో ఎక్కువగా కనిపించేది రేకు. రెండు పలుచటి రేకులు, మధ్యలో గాలి. సింపుల్, చవక.

మనకు కావాల్సింది బట్ట కథ.

కాలని బట్ట కావాలన్న గోల కార్లతో మొదలు కాలేదు, ఆవిరి ఇంజన్లతో మొదలైంది. బాయిలర్ వేడి బయటికి పోతే బొగ్గు దండగ. మొదట్లో చెక్క, ఉన్ని ఫెల్టు చుట్టేవాళ్లు. తర్వాత వచ్చింది ఆస్బెస్టాస్. తెలుగులో దీనికి మంచి పేరుంది, రాతినార. నిజంగా రాయే. కానీ వేళ్లతో పీకితే పత్తి లాగ దారాలు వస్తయి. వడకొచ్చు, నేయొచ్చు, తాడు పేనొచ్చు. కార్లు వచ్చినంక గాస్కెట్లల్ల, బ్రేక్ లైనర్లల్ల, క్లచ్ ప్లేట్లల్ల, ఎగ్జాస్ట్ చుట్టల్ల అన్నిట్ల అదే.

ఇది మన దగ్గర కూడా దొరుకుతది. కడప జిల్లా పులివెందుల చుట్టుపక్కల, బ్రాహ్మణపల్లె, లింగాల వైపు. 1930లల్ల జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన ఎ.ఎల్. కూల్సన్ ఈ నిక్షేపాల మీద పెద్ద రిపోర్టే రాసిండు. రాజస్థాన్‌లో దొరికేది చాలావరకు వేరే రకం. కడపది క్రైసోటైల్, అంటే తెల్ల రాతినార, నేతకు పనికొచ్చే మెత్తటి దారం. అది ఎట్ల పుట్టిందో చూడండి. మెగ్నీషియం ఎక్కువున్న వేంపల్లె సున్నపురాయి పొరల్లోకి భూమి లోపలి నుంచి కరిగిన రాయి చొచ్చుకొచ్చింది. ఆ వేడికి, నీళ్లకు సున్నపురాయి మారి, పగుళ్లల్ల నార అయింది. వేడిని ఆపే బట్ట వేడి వల్లనే పుట్టింది! నాకైతే ఇది చదివినప్పుడు కాసేపు భలే అనిపించింది. హైదరాబాద్ సనత్‌నగర్‌లో చేసిన చార్మినార్ రేకులు మీ ఇంటి మీద కూడా ఉండొచ్చు. ఆ సిమెంట్లో కలిపేది ఈ నార జాతే.

ఇప్పుడు సిరిసిల్లోళ్లు కొంచెం జాగ్రత్తగా వినండి. మనకు సాంచాలంటే తెలుసు. పడుగు, పేక, చెవులు పగిలే చప్పుడు, మగ్గం చుట్టూ ఎగిరే దూది. ఇంగ్లండ్‌లో రోచ్‌డేల్ అని ఒక ఊరు, అది కూడా నేత ఊరే. అక్కడ నెల్లీ కెర్షా అనే ఆమె పత్తికి బదులు రాతినార వడికేది. దూది ఎగిరినట్టే నార ఎగిరేది. ఊపిరి ఆడక 1924లో చనిపోయింది. 33 ఏళ్లు. డాక్టర్ కుక్ ఆమె ఊపిరితిత్తుల్లో ఆ నార ముక్కల్ని చూసి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిండు. 1930లో మెరివెదర్, ప్రైస్ అనే ఇద్దరు ప్రభుత్వ రిపోర్టు ఇచ్చిన్రు. పరీక్షించిన 363 మంది కార్మికుల్లో 95 మందికి ఊపిరితిత్తులు గట్టిపడ్డయి. మరుసటి ఏడాదే అక్కడ దుమ్ము మీద రూల్స్ వచ్చినయి.

1931లో తెలిసిన విషయం మా మెకానిక్ కాకకు 1990లల్ల కూడా ఎవ్వరూ చెప్పలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడనే.

ఈ జబ్బుల గుణం ఏందంటే, దుమ్ము పీల్చిన రోజు ఏమీ కాదు. దగ్గు కూడా రాదు. ఇరవై, ముప్పై, నలభై ఏళ్ల తర్వాత బయటపడతది. ఊపిరితిత్తులు బిగుసుకుపోవడం, క్యాన్సర్, ఊపిరితిత్తి పొరకు వచ్చే మీసోథీలియోమా. అప్పటికి ఏ గ్యారేజీలో ఏ సంవత్సరం పని చేసినమో ఎవరికి గుర్తుంటది? అందుకే 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నాకు ముఖ్యం అనిపిస్తది. కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వేసిన కేసు. తీర్పు రాసింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి పోయిన జస్టిస్ కె. రామస్వామి. కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం ఇచ్చిన జీవించే హక్కులో భాగమే అన్నరు. పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు లేదా పని మానినంక 15 ఏళ్లు ఆరోగ్య రికార్డు దాచాలి అన్నరు. జబ్బు రుజువైతే లక్ష రూపాయలు అన్నరు. మంచి తీర్పే. కానీ అది ఫ్యాక్టరీలకు, గనులకు పనికొస్తది. రోడ్డు పక్క షెడ్డులో రిజిస్టర్ ఎక్కడుంటది?

కొత్త గనుల లీజులు మన దేశంలో 1986లోనే ఆపిన్రు. యూరోపియన్ యూనియన్ 2005 నాటికి వాడకమే పూర్తిగా ఆపేసింది. మన దగ్గర తెల్ల రాతినార వాడకం మీద పూర్తి నిషేధం లేదు. బయటి దేశాల నుంచి కొనుక్కొని మరీ వాడుతున్నం.

మరి ఇప్పుడు దొరికే ర్యాప్ ఏంది? మామూలుది గాజు దారం. అదీ పడుగు, పేకతో నేసిన పట్టీనే. 500 డిగ్రీల పైచిలుకు తట్టుకుంటది. టైటానియం ర్యాప్ అని అమ్మేది చాలావరకు టైటానియం కాదు, బసాల్ట్ అనే నల్లరాయిని కరిగించి తీసిన దారం. గాజు కంటే ఎక్కువ వేడి ఓర్చుకుంటది. ఇవి చర్మానికి దురద పెడతయి, గ్లౌజులు, మాస్కు వేసుకోండి. ఇంకో రెండు సంగతులు. ర్యాప్ కింద తడి నిలిస్తే మామూలు ఇనుప పైపు తుప్పు పడతది. ఆయిల్ కారి అందులో ఇంకితే మంట అంటుకోవచ్చు. లీకేజీ ఉన్న ఇంజన్‌కు ర్యాప్ వద్దు, రేకు పెట్టించుకోండి. కొత్త తాడుకు, పాత రాతినార తాడుకు కంటితో తేడా తెలవదు, మైక్రోస్కోపు కింద పెడితేనే తెలుస్తది.

మాది ల్యాబుకు పంపిన. క్రైసోటైల్ అని వచ్చింది.

మానిఫోల్డును తడిపి, ప్లాస్టిక్ షీట్ చుట్టి, నట్లు ఇప్పి, రెండు కవర్లల్ల కట్టి పక్కన పెట్టినం. కొట్టాన్ని ఊడ్వకుండా తడిబట్టతో తుడిచినం. ఆ బట్టలు కూడా అదే మూటలో. జీపుకు సెకండ్ హ్యాండ్ మానిఫోల్డు వేసి, మధ్యలో గాలి ఉండేటట్టు రేకు పెట్టించిన.

రిపోర్ట్ చూసి మామ తన గురించి ఏమీ అడగలేదు. "మరి మెకానిక్ అన్న సంగతేంది రా?" అన్నడు. ఇద్దరం సిరిసిల్ల పోయినం. కాక షెడ్డు మూసేసి చాలా రోజులైంది. ఇల్లు వెతుక్కొని పోతే అరుగు మీద కూర్చున్నడు. ఎన్ని బండ్లకు చుట్టి ఉంటవు కాకా అంటే నవ్విండు. "లెక్కెవడు పెట్టిండు బిడ్డా. ఇప్పేటప్పుడు కంప్రెషర్ గాలి కొట్టేది, అంతే ఊడేది" అన్నడు. మెట్లెక్కితే ఆయాసం వస్తుందట, వయసు అనుకుంటున్నడు. పాత ఎక్స్‌రేలు ఏమన్నా ఉన్నయా అంటే, లోపలికి పోయి ఒక కవర్ తెచ్చి మామ చేతుల పెట్టిండు. ఎల్లుండి ఆయన్ను తీసుకొని కరీంనగర్‌లో ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి పోతున్నం. ఈ వారం ఇంకో వీడియో రాదు.