ఆవిరి మూట

“ఆవిరైపోయింది” అనే మాటను మనం ఎంత చిన్నచూపుతో వాడతామో గమనించారా? ఒకటో తారీఖున వచ్చిన జీతం పదో తారీఖుకల్లా ఆవిరి. అమ్మాయి పెళ్ళికని దాచిన డబ్బు ఆవిరి. దక్కకుండా పోయిన ప్రతిదానికీ అదే పేరు! నా మటుకు నాకు ఇది అన్యాయమనిపిస్తుంది. నిజానికి నీళ్ళు ఆవిరైనప్పుడు నశించేదేమీ లేదు. పైగా మనం పెట్టిన మంట వేడినంతా మూటగట్టుకుని మరీ వెళతాయి. ఆ మూట సంగతి తెలుసుకోవడానికి మనిషికి చాలా కాలం పట్టింది. తెలిశాక దాని ఫలం మా బాన్సువాడ పొలాల దాకా వచ్చింది.

పొయ్యిమీద ఎసరు పెడతాం. కాగి కాగి నూరు డిగ్రీలకు మరుగుతుంది. అక్కణ్ణుంచి మంట ఎంత పెంచినా, మూత లేని గిన్నెలో వేడి ఆ నూరు దాటదు. మరి మన గ్యాసంతా ఏమవుతున్నట్టు? 1760 ప్రాంతంలో స్కాట్లండులోని గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే ప్రొఫెసరుగారు సరిగ్గా ఈ ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు. నీళ్ళు ఆవిరిగా మారడానికే ఆ వేడి ఖర్చవుతుందనీ, థర్మామీటరుకు అందకుండా ఆవిరిలో దాక్కుంటుందనీ తేల్చారు. మనం బడిలో చదువుకున్న ‘గుప్తోష్ణం’ అదే. లెక్క చూడండి: ఒక గ్రాము మంచుచల్లని నీటిని మరిగించడానికి 100 కేలరీలు చాలు. మరిగిన ఆ గ్రామునే ఆవిరి చెయ్యాలంటే ఇంకో 540 కావాలి!

జేమ్స్ వాట్ చిన్నప్పుడు కెటిల్ మూత ఎగరడం చూసి ఆవిరియంత్రం కనిపెట్టాడని మనకందరికీ చెప్పారు కదా. కాదండీ. వాట్ పుట్టింది 1736లో. న్యూకోమెన్ యంత్రం 1712లోనే ఇంగ్లండు గనుల్లో నీళ్ళు తోడుతోంది. ఆ యంత్రంలో ఉన్న దుబారాను పట్టుకున్నవాడు వాట్. అందులో ఒక్కో ఊపుకూ సిలిండరును చల్లార్చడం, మళ్ళీ కాచడం. ఒక్కో దోసెకూ పెనం దించి కడిగి మళ్ళీ కాల్చినట్టన్నమాట! ఆవిరిని చల్లార్చడానికి పక్కన వేరే గది పెడితే సరిపోతుందని 1765లో అతనికి తట్టింది. 1769లో పేటెంటు వచ్చింది.

వాట్‌కు ముందే ఆవిరి చేత పనిచేయించుకున్నది మన ముత్తవ్వలు. కుండ మూతికి వాసెన కట్టి, దానిమీద కుడుములు పేర్చి ఉడికించారు. ఇడ్లీ పాత్రలో జరిగేదీ అదే. చల్లని పిండికి తగలగానే ఆవిరి మళ్ళీ నీరై, మూట విప్పి వేడినంతా పిండికి ఇచ్చేస్తుంది. పిండికి బదులు మన చెయ్యి తగిలితే? అదే మూట చేతిమీద విప్పుతుంది. అందుకే మరిగే నీళ్ళకన్నా ఆవిరి ఎక్కువ కాలుస్తుంది. మూత తీసేటప్పుడు అవతలి అంచు ముందు ఎత్తమని పెద్దవాళ్ళు చెప్పేది ఇందుకే.

ఇక మా ఊరి సంగతి. మంజీరమీద 1923లో మొదలెట్టి 1931లో ముగించిన నిజాంసాగర్ నీళ్ళు మా ప్రాంతానికి వరి తెచ్చాయి, చెరుకూ తెచ్చాయి. చెరుకు రసంలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా నీళ్ళే. ఆ నీళ్ళు పోతేనే తీపి మిగిలేది. బెల్లం బట్టీ దగ్గర పెద్ద పెనంలోంచి తెల్లగా లేచే ఆవిరిని చిన్నప్పుడు నోరు తెరుచుకుని చూసేదాన్ని. వేడి మూటలన్నీ ఆకాశానికే!

అమెరికాలో లూసియానా చెరుకు తోటల్లో ఒకప్పుడు బానిసలు మరిగే రసాన్ని గరిటెలతో ఒక పెనంలోంచి ఇంకో పెనంలోకి తోడిపోసేవారు. ఒళ్ళు కాలిపోయేది. 1806లో న్యూఆర్లియన్సులో పుట్టిన నార్బర్ట్ రిల్యూ నల్లజాతి సంతతివాడు. పారిస్‌లో చదువుకున్నాడు. మొదటి పాత్రలో పుట్టిన ఆవిరితో రెండో పాత్రను, దాని ఆవిరితో మూడోదాన్ని కాచే పద్ధతికి 1843లో పేటెంటు తీసుకున్నాడు. గాలి ఒత్తిడి తగ్గిస్తే రసం తక్కువ వేడికే మరుగుతుంది గనుక ఇది సాధ్యమైంది. మన ప్రెషర్ కుక్కర్‌కు సరిగ్గా తిరగేసిన సూత్రం! ఒక్క మంటతో మూడు పాత్రలు మరిగాయి. మనుషుల చేతులు కాలడం తప్పింది.

పెద్ద చక్కెర మిల్లులన్నీ ఆ పద్ధతినే పట్టుకున్నాయి. మా చెరుకు బళ్ళకు ఆశ చూపిన బోధన్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో వెలిసింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ అనే ఊరే లేచింది. చెరుకు పిప్పి బాయిలరులో మండి ఆవిరినిచ్చేది, ఆ ఆవిరి రసాన్ని చక్కెర చేసేది. 2015లో అది మూతబడింది. ఎన్నో ఇళ్ళ పొయ్యిలు ఆ బాయిలరు మీదే ఆధారపడ్డాయి. అదీ నిజంగా ఆవిరైపోవడమంటే.

మిల్లు బాయిలరు మన చేతిలో లేదు గానీ, మన పొయ్యి మన చేతిలోనిదే. పప్పు ఒక పొంగు రాగానే మూత పెట్టి, మంట తగ్గించండి. భగభగ మండించినా అదే నూరు డిగ్రీలు, సన్నని సెగమీదా అదే నూరు. తేడా అల్లా సిలిండరు ఎన్నాళ్ళు వస్తుందన్నదే.