నైపుణ్యేతర ఉద్యోగంతో అమెరికా గ్రీన్‌కార్డు: నిరీక్షణ ఎంత? ప్రయోజనాలేమిటి?

సూరత్: వస్త్ర పరిశ్రమకు, వజ్రాల సానకు పేరొందిన సూరత్‌లో తెలంగాణ నుంచి తరలివచ్చిన చేనేత కుటుంబాలు దశాబ్దాలుగా స్థిరపడి ఉన్నాయి. అమెరికాలో మోటళ్లు నడుపుతున్న గుజరాతీల్లో చాలామంది మూలాలు కూడా ఈ దక్షిణ గుజరాత్ ప్రాంతానివే. అందువల్ల ‘చదువు లేకపోయినా ఉద్యోగంతో గ్రీన్‌కార్డు’ అనే మాట ఇక్కడి కార్మికులను సహజంగానే ఆకర్షిస్తుంది. అటువంటి మార్గం చట్టంలో నిజంగానే ఉంది. అయితే డబ్బు చెల్లించే ముందు దాని నిబంధనలను, నిరీక్షణ కాలాన్ని తెలుసుకోవడం అవసరం.

ఏమిటీ విభాగం?

అమెరికా 1990 వలస చట్టం ప్రకారం ఉద్యోగ ఆధారిత మూడో ప్రాధాన్య విభాగం (ఈబీ-3)లో ‘ఇతర కార్మికులు’ అనే ఉపవిభాగం ఉంది. రెండేళ్లకన్నా తక్కువ శిక్షణ లేదా అనుభవం సరిపోయే, తాత్కాలికం లేదా సీజనల్ కాని ఉద్యోగాలు దీని పరిధిలోకి వస్తాయి. హోటళ్లలో గదుల నిర్వహణ, పారిశుద్ధ్య పనులు, మాంసం శుద్ధి కర్మాగారాల్లో కొలువులు ఇందుకు ఉదాహరణలు. ఇక్కడ చూసేది ఉద్యోగానికి అవసరమైన అర్హతనే. పదేళ్ల అనుభవమున్న మరమగ్గ కార్మికుడైనా, పారిశుద్ధ్య ఉద్యోగానికి ఎంపికైతే ఈ ఉపవిభాగంలోనే ఉంటాడు.

ప్రక్రియ మూడు దశలు

మొదటి దశలో యజమాని అమెరికా కార్మిక శాఖ నుంచి ‘పెర్మ్’ ధ్రువీకరణ పొందాలి. ఇందుకోసం ఆ ప్రాంతంలో అమల్లో ఉన్న వేతనాన్ని నిర్ధారింపజేసుకుని, ప్రకటనలు ఇచ్చి, అర్హులైన స్థానికులు దొరకలేదని చూపాలి. యజమానికి, కార్మికునికి బంధుత్వం ఉంటే ఆ విషయం దరఖాస్తులో వెల్లడించాలి. అటువంటి కేసులను అధికారులు మరింత నిశితంగా పరిశీలిస్తారు. రెండో దశలో యజమాని ఐ-140 పిటిషన్ దాఖలు చేసి, వేతనం చెల్లించగల స్తోమత నిరూపించాలి. వరుస వచ్చాక మూడో దశలో వలస వీసా ఇంటర్వ్యూ ఉంటుంది. భారత్‌లో ఈ ఇంటర్వ్యూలు ప్రధానంగా ముంబయి కాన్సులేట్‌లో జరుగుతాయి.

నిరీక్షణ ఎందుకింత?

ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులు ఏటా సుమారు 1,40,000. అందులో ఈబీ-3 వాటా 28.6 శాతం, అంటే దాదాపు 40,000. ‘ఇతర కార్మికుల’కు గరిష్ఠంగా 10,000 మాత్రమే దక్కుతాయి. 1997 నాటి మరో చట్టం కింద వీటిలోనూ కొంత కోత పడుతుంది. భార్యాబిడ్డలను కూడా ఈ లెక్కలోనే కలుపుతారు. దీనికితోడు ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వరాదన్న పరిమితి ఉంది. దీనికి పౌరసత్వం కాక పుట్టిన దేశమే ప్రాతిపదిక.

పెర్మ్ దరఖాస్తు చేసిన రోజే కార్మికుని ‘ప్రాధాన్య తేదీ’ అవుతుంది. ఎవరి వంతు వచ్చిందో అమెరికా విదేశాంగ శాఖ నెలవారీ వీసా బులెటిన్‌లో ప్రకటిస్తుంది. 2024 అక్టోబర్ బులెటిన్‌లో ఈ ఉపవిభాగంలో భారత్‌కు ప్రకటించిన తుది తేదీ 2012 నవంబర్ 1. అంటే అప్పటికి వరుస దాదాపు పన్నెండేళ్లు వెనుకబడి ఉంది. అదే సమయంలో చాలా దేశాలకు ఆ తేదీ 2020 డిసెంబర్ 1. ఇప్పుడు దరఖాస్తు చేసేవారికి పన్నెండేళ్లే పడుతుందని దీని అర్థం కాదు. తేదీలు ముందుకు జరగడంతోపాటు ఒక్కోసారి వెనక్కీ వెళ్తాయి. అదనపు రుసుముతో ఐ-140 పరిశీలన వేగవంతమవుతుంది గాని, వరుస తగ్గదు.

హెచ్-1బీ ఉద్యోగులు అమెరికాలో పని చేస్తూనే ఎదురుచూడగలరు. ఈ కార్మికులకు అటువంటి దీర్ఘకాలిక వీసా లేనందున సాధారణంగా స్వదేశంలోనే నిరీక్షించాలి. అన్నేళ్ల తర్వాత కూడా యజమాని సంస్థ నడుస్తూ, ఆ ఉద్యోగం ఇవ్వడానికి సిద్ధంగా ఉండాలి. 

పిల్లలకు 21 ఏళ్లు నిండటం మరో చిక్కు. వరుస వచ్చిన నాటి వయసు నుంచి ఐ-140 పరిశీలనలో ఉన్న రోజులను తీసివేసే వెసులుబాటు ఉంది. అయినా నేడు పదేళ్ల వయసున్న బిడ్డ ఆ హక్కు కోల్పోయే ప్రమాదం అధికం.

ప్రయోజనాలు

నైపుణ్యేతర ఉద్యోగంతో వచ్చినా, ఇంజినీరుగా వచ్చినా గ్రీన్‌కార్డు హక్కులు ఒకటే. శాశ్వతంగా నివసించవచ్చు, ఉద్యోగం చేయవచ్చు. జీవిత భాగస్వామికి, 21 ఏళ్లలోపు అవివాహిత సంతానానికి అదే హోదా లభిస్తుంది. భాగస్వామి కూడా ఉద్యోగం చేయవచ్చు. సాధారణంగా పదేళ్ల పనితో సామాజిక భద్రత పింఛనుకు అర్హత వస్తుంది. ఐదేళ్ల నివాసం తర్వాత పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే జాతీయ ఎన్నికల్లో ఓటు హక్కు ఉండదు. దీర్ఘకాలం దేశం వెలుపల ఉంటే హోదాకే ముప్పు రావచ్చు.

డబ్బు అడిగితే..

అమెరికా నిబంధనల ప్రకారం పెర్మ్ దశ ఖర్చును, యజమాని తరఫు న్యాయవాది రుసుముతో సహా, యజమానే భరించాలి. ఆ మొత్తాన్ని కార్మికుని నుంచి వసూలు చేయరాదు. ధ్రువీకరణను అమ్మడం, కొనడం నిషిద్ధం. భారత్‌లో 1983 వలసల చట్టం ప్రకారం నమోదు కాని ఏజెంట్లు విదేశీ ఉద్యోగాలకు నియామకాలు చేపట్టరాదు. నమోదైన వారి వివరాలను ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. ‘రెండేళ్లలో గ్రీన్‌కార్డు ఖాయం’ అనే హామీ ఎదురైతే, ఆ నెల వీసా బులెటిన్‌లో భారత్ వరుసలోని తేదీని ఒక్కసారి చూసుకుంటే చాలు, ఆ మాటలో నిజమెంతో తేలిపోతుంది.