ఒంగోలు ప్రాంతపు అమ్మొనైట్ శిలాజాలు

ఒంగోలు ప్రాంతపు అమ్మొనైట్ శిలాజాలు ఆంధ్రప్రదేశ్‌లోని పూర్వపు ప్రకాశం జిల్లాలో, గుంటూరు సీమకు ఆనుకొని ఉన్న మైదానంలో లభించిన సముద్రజీవుల అవశేషాలు. పత్తి, మిరప, పొగాకు పండే నల్లరేగడి నేలల అడుగున ఉన్న ఇసుకరాయి, షేల్ పొరలలో ఇవి అచ్చుల రూపంలో కనిపిస్తాయి. వీటి వయసు సుమారు 12 నుండి 13 కోట్ల సంవత్సరాలు. తూర్పు తీరంలోని ఎగువ గోండ్వానా శిలల కాలాన్ని నిర్ణయించడంలో ఈ శిలాజాలు కీలకమైనవి.

అమ్మొనైట్లు

అమ్మొనైట్లు అంతరించిపోయిన సముద్రజీవులు. నేటి జీవులలో ఆక్టోపస్, స్క్విడ్, నాటిలస్ వీటికి బంధువులు. వీటి గుల్ల గొర్రెపొట్టేలు కొమ్మువలె చుట్టలు చుట్టుకొని ఉంటుంది. ప్రాచీన ఈజిప్టు వారి దేవుడైన అమ్మోన్‌ను పొట్టేలు కొమ్ములతో చిత్రించేవారు. ఆయన పేరు మీదనే వీటికి ఈ పేరు వచ్చింది. గుల్ల లోపల అనేక గదులుండేవి. చివరి గదిలో జీవి నివసించేది, మిగిలిన గదులు నీటిలో తేలుటకు ఉపయోగపడేవి. డైనోసార్లు అంతరించిన కాలంలోనే, అనగా సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం, ఇవి కూడా నశించాయి.

తెలుగువారికి అమ్మొనైట్ కొత్తది కాదు. నేపాల్‌లోని గండకీ నదిలో దొరికే, పూజామందిరాలలో ఉంచే సాలగ్రామాలలో చాలా భాగం హిమాలయ శిలల నుండి కొట్టుకువచ్చిన అమ్మొనైట్ శిలాజాలే. సాలగ్రామంలో కనిపించే చక్రం ఈ గుల్ల చుట్టే. అయితే సాలగ్రామం గుండ్రని నల్లరాయి కాగా, ఒంగోలు ప్రాంతపు షేల్‌లో లభించేవి ఎక్కువగా అణగిపోయి పలుచనైన ముద్రలు.

శిలా పొరలు

ఈ ప్రాంతపు శిలలను కింది నుండి పైకి మూడు భాగాలుగా గుర్తించారు.
* బూదవాడ ఇసుకరాయి
* వేమవరం షేల్
* పావులూరు ఇసుకరాయి

మూడింటికీ గ్రామాల పేర్లే పెట్టారు. వీటిలో పావులూరు ఇంకొల్లు మండలంలో ఉంది. ఈ మండలం 2022 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా నుండి కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరింది. వేమవరం షేల్ లేత రంగులో పలుచని పొరలుగా విడిపోయే రాయి. దీనిలో టైలోఫిల్లమ్, డిక్టియోజామైటిస్ వంటి మొక్కల ఆకుల ముద్రలు విస్తారంగా ఉన్నాయి. నేలమీది మొక్కల ఆకులు, సముద్రంలోని అమ్మొనైట్లు ఒకే శిలా సమూహంలో ఉండటం వలన, ఇది ఒకప్పుడు తీరానికి దగ్గరగా ఉన్న లోతు తక్కువ సముద్రమని తెలుస్తున్నది. భారత భూభాగం అంటార్కిటికా నుండి విడిపోతున్న కాలంలో ఈ సముద్రం తూర్పు తీరం మీదికి వచ్చింది.

ఇటువంటి పొరలే ఏలూరు జిల్లాలో గొల్లపల్లి ఇసుకరాయి, రాఘవాపురం షేల్, తిరుపతి ఇసుకరాయి అనే పేర్లతో ఉన్నాయి. ఇక్కడ తిరుపతి అనగా చిత్తూరు సీమలోని తిరుపతి కాదు, చిన్న తిరుపతిగా పిలువబడే ద్వారకా తిరుమల.

పరిశోధన చరిత్ర

భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ ఉద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్ (1834-1912) ఈ మైదానాన్ని సర్వే చేసి, 15వ అక్షాంశం నుండి మచిలీపట్నం వరకు గల తీరప్రాంతపు భూనిర్మాణంపై 1879లో నివేదిక ప్రచురించాడు. 1863లో మద్రాసు సమీపాన పల్లవరంలో పాతరాతియుగపు పనిముట్టును కనుగొన్నది కూడా ఈయనే. అదే సంస్థకు చెందిన విలియం కింగ్ గోదావరి జిల్లాలోని పొరలను వర్ణించాడు. మొక్కల శిలాజాలను బొహీమియా దేశస్థుడైన ఒట్టోకార్ ఫైస్ట్‌మాంటెల్ (1848-1891) అధ్యయనం చేశాడు.

అమ్మొనైట్లను లండన్‌కు చెందిన లియోనార్డ్ ఫ్రాంక్ స్పాత్ (1882-1957) పరిశీలించాడు. కచ్ ప్రాంతపు అమ్మొనైట్లపై 1927-1933 మధ్య వెలువడిన తన బృహద్గ్రంథంలో ఈ తీరపు నమూనాలను కూడా చర్చించాడు. వాటిలో ఒక జాతికి పాస్కోయైటిస్ బుదవాడెన్సిస్ అని పేరు పెట్టాడు. మొదటి పదం అప్పటి సర్వేక్షణ సంస్థ అధిపతి ఎడ్విన్ పాస్కో పేరు, రెండవది బూదవాడ గ్రామం పేరు. ఈ విధంగా ఒక తెలుగు పల్లె పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాలలో నిలిచింది.

వయసుపై వివాదం

మొక్కల శిలాజాలను బట్టి ఈ పొరలు జురాసిక్ యుగానికి చెందినవని మొదట భావించారు. ఈ మొక్కలు రాజమహల్ కొండల మొక్కలను పోలి ఉండటం అందుకు కారణం. కానీ ఒకే రకం మొక్కలు కోట్ల సంవత్సరాలు పెద్దగా మారకుండా కొనసాగగలవు. అమ్మొనైట్లు అలా కాదు. వాటి జాతులు త్వరగా పుట్టి త్వరగా అంతరించేవి, సముద్రమార్గాన దూరదేశాలకు వ్యాపించేవి. అందువలన ఒక జాతి దొరికితే దాని కాలం ఇంచుమించుగా తెలిసినట్లే. స్పాత్ గుర్తించిన జాతులు తొలి క్రెటేషియస్ యుగానికి చెందినవి కావడంతో ఈ పొరల వయసు తగ్గింది.

ఈ నిర్ణయానికి ఆచరణలో కూడా విలువ ఉంది. రాఘవాపురం షేల్ కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు, సహజవాయువు పుట్టిన ప్రధాన శిలలలో ఒకటి. నేలపై కనిపించే పొరల కాలక్రమం తెలిస్తేనే లోతైన బావులలో వాటిని పోల్చి గుర్తించగలరు.

సేకరణ విధానం

నల్లరేగడి కప్పివేయడం వలన పొలాలలో ఈ శిల సాధారణంగా కనబడదు. బావుల తవ్వకపు మట్టి, వాగుల ఒడ్లు, చెరువుల అంచులు, రహదారి కోతలు వెదకదగిన చోట్లు.
* ముందుగా భూమి యజమాని అనుమతి తీసుకోవాలి. పైరు ఉన్న చేలలోకి, లోతైన బావులలోకి దిగరాదు.
* షేల్‌ను పొరల వెంబడి పలుచని ఉలితో విడదీయాలి. అడ్డంగా కొడితే ముద్ర పగిలిపోతుంది.
* రాయి విడినప్పుడు ముద్ర రెండు ముక్కల మీద పడుతుంది. రెండింటినీ దాచాలి.
* గ్రామం, స్థలం, లోతు, పొర, తేదీ వ్రాసి నమూనాకు సంఖ్య ఇవ్వాలి.
* తడి షేల్ ఎండలో చిట్లుతుంది కనుక కాగితంలో చుట్టి నీడన ఆరబెట్టాలి.

వీటిలో నాలుగవది అన్నిటికంటే ముఖ్యము. ఏ పొర నుండి వచ్చినదో తెలియని అమ్మొనైట్ అందమైన రాయిగా మిగులుతుందే తప్ప ఆ స్థలపు కాలాన్ని చెప్పలేదు.

పొరపాటు పడే రాళ్ళు

పిడుగురాళ్ళ, మాచర్ల ప్రాంతాల పల్నాటి సున్నపురాళ్ళలో అమ్మొనైట్లు ఉండవు. అవి గుల్ల గల జంతువులు పుట్టకముందే ఏర్పడినవి. చీమకుర్తి గ్రానైటు కరిగిన శిలాద్రవం గట్టిపడి ఏర్పడినది కనుక దానిలో శిలాజాలుండవు. చేలలో దొరికే నత్తగుల్లలు, తీరపు ఇసుకలోని గవ్వలు ఇటీవలి కాలానివి. నత్తగుల్ల లోపల గదులుండవు, అమ్మొనైట్‌కు ఉంటాయి. అణగిన ముద్రలలో గదుల గోడలు సాధారణంగా కనబడవు గనుక గుల్ల మీది గీతలను బట్టి గుర్తుపడతారు.

సంరక్షణ

శిలాజాలను పరిరక్షించడానికి 2022 డిసెంబరులో కేంద్ర గనుల మంత్రిత్వ శాఖ భూవారసత్వ స్థలాలు, భూ అవశేషాల బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయం కొరకు విడుదల చేసింది. తమిళనాడులోని అరియలూరు, గుజరాత్‌లోని కచ్ ప్రాంతాలలో అమ్మొనైట్లు సమృద్ధిగా దొరుకుతాయి. వాటితో పోలిస్తే ఒంగోలు ప్రాంతంలో శిల బయటపడిన చోట్లు చిన్నవి. పూడ్చిన బావితో, చదును చేసిన గట్టుతో అటువంటి చోటు కనుమరుగు కాగలదు. కాబట్టి మంచి నమూనా దొరికినవారు దానిని వివరాలతో సహా సమీప విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్ర విభాగానికి గాని, భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు గాని చూపించడం మేలు.

ఇవి కూడా చూడండి
* శిలాజం
* సాలగ్రామం
* గోండ్వానా
* కృష్ణా-గోదావరి బేసిన్