మజ్నూన్ సంకెల, బిషన్ సింగ్ పాదాలు

అరబీ భాషలో 'జ-న-న' అనే ధాతువుకు కప్పివేయడం, మరుగుపరచడం అని అర్థం. తల్లి గర్భంలో మరుగున ఉన్న శిశువు 'జనీన్'. కంటికి కానరాని సృష్టి 'జిన్న్'. చెట్ల నీడ కప్పిన తోట 'జన్నత్'. బుద్ధికి తెర కప్పినవాడు 'మజ్నూన్'. మక్కా అవిశ్వాసులు ఈ మాటను దైవప్రవక్త (స) వారిపై నిందగా విసిరారనీ, పూర్వ ప్రవక్తలకు కూడా ఇదే నింద తప్పలేదనీ దివ్య ఖుర్ఆన్ తెలుపుతున్నది. అదే మాట తరువాతి కాలంలో కవుల చేతిలో ఒక ప్రేమికుని బిరుదు అయింది. నింద అయినా, బిరుదు అయినా, ఆ మాట వెనుక నిజంగా జబ్బుపడిన మనిషి ఒకడున్నాడు. కథలు చెప్పినవారు అతనిని ఎంతవరకు కన్నెత్తి చూశారన్నదే ఇక్కడ ప్రశ్న.

లైలా ప్రేమలో మతి తప్పిన ఖైస్ కథ తెలియని ముస్లిం ఇల్లు అరుదు. అసలు అటువంటి మనిషి ఉన్నాడా అన్న సందేహం పాతదే. హిజ్రీ 4వ శతాబ్దంలో అబుల్ ఫరజ్ ఇస్ఫహానీ తన 'కితాబుల్ అగానీ'లో ఖైస్ గురించిన ఉదంతాలను సేకరిస్తూ, ఉమయ్యా వంశపు యువకుడొకడు తన ప్రేమను దాచుకొనడానికి ఈ పేరు కల్పించాడన్న మాటను కూడా నమోదు చేశాడు. ఆ చెదురుమదురు ఉదంతాలను గంజా నగరవాసి నిజామీ హిజ్రీ 584 (క్రీ.శ. 1188)లో నాలుగు వేలకు పైగా బైతుల పారసీ కావ్యంగా మలిచాడు. 1299లో ఢిల్లీలో అమీర్ ఖుస్రో అదే కథను మళ్లీ చెప్పాడు. దక్కనీ కవులూ దానిని వదలలేదు.

నిజామీ కావ్యంలో ఒక ఘట్టం ఉన్నది. ఒక వృద్ధ స్త్రీ ఒక మనిషిని సంకెలతో నడిపిస్తూ బిచ్చమెత్తుకుంటున్నది. మజ్నూన్ ఆమెను బతిమాలి ఆ సంకెలను తన మెడకు వేయించుకుంటాడు. ఆ విధంగానైనా లైలా గుడారం ముందుకు చేరవచ్చునని అతని ఆశ. ఘట్టం అద్భుతమైనదే, కాని అక్కడ సంకెల ప్రేమకు ఆభరణం. దాని బరువు గాని, ఒరుసుకుపోయిన చర్మం గాని పాఠకునికి తెలియవు. నిజామీకి చూసే కన్ను లేదని దీనివలన అనుకోరాదు. కొడుకును కాబా దగ్గరకు తీసుకుపోయి కూడా ఫలితం పొందని తండ్రి, చివరికి ముసలితనంలో ఎడారిలో వెతుక్కుంటూ పోతాడు. కొడుకు అతని ముఖం చూసి నీవెవరవని అడుగుతాడు. ఇంటిలో ఇటువంటి రోగి ఉన్నవారికి ఈ ఒక్క సంఘటన చాలు. కవి కూడా ఇక్కడ ఒక్క క్షణం అలంకారాలు మరచినట్లు అనిపిస్తుంది.

మరొక మార్గం 'బుద్ధిమంతుడైన పిచ్చివాడు'. హిజ్రీ 406లో మరణించిన అబుల్ ఖాసిం నైసాబూరీ 'ఉఖలాఉల్ మజానీన్' అనే గ్రంథంలో బహ్లూల్ వంటివారి ఉదంతాలను సేకరించాడు. పిచ్చివాడు ఖలీఫాకు హితబోధ చేస్తాడు, పండితుని నోరు మూయిస్తాడు. ఈ కథలు పాలకులకు చెప్పలేని మాటను చెప్పడానికి పనికివచ్చాయి, అందుకు వాటిని మెచ్చుకోవచ్చును. కాని వీటిలో పిచ్చివానికి పిచ్చి తప్ప ఇంకే బాధా లేదు. అతనికి నిద్ర పట్టలేదనీ, భయం వేసిందనీ, తల్లి ఏడ్చిందనీ ఎవరూ చెప్పరు.

విచిత్రమేమిటంటే, కథకులు చూడనిదానిని అదే కాలపు ధర్మశాస్త్రవేత్తలు, వైద్యులు చూశారు. ఎడతెగని ఉన్మాదాన్ని ఫిఖ్‌హ్ పండితులు 'జునూన్ ముత్‌బిఖ్' అన్నారు. వచ్చిపోయే ఉన్మాదాన్ని దాని నుండి వేరు చేశారు. తెలివి వచ్చిన వేళలో అదే మనిషి చేసిన కొనుగోలు, అమ్మకం చెల్లుతాయని నిర్ణయించారు. అనగా రోగి ప్రతి గడియా రోగిగానే ఉండడని వారికి తెలుసు. ఖైరవాన్ వైద్యుడు ఇస్హాఖ్ ఇబ్నె ఇమ్రాన్ విషాదరోగంపై వ్రాసిన గ్రంథంలో, ప్రియమైన బిడ్డను పోగొట్టుకున్నవానికి, మరల సంపాదించుకోలేని గ్రంథాలయాన్ని పోగొట్టుకున్నవానికి ఈ జబ్బు రావచ్చునన్నాడు. ఆ రెండవ కారణం వ్రాసిన వైద్యుడు పండితుల ఇళ్లకు వైద్యం చేసినవాడే అయివుండాలి!

వైద్యుడు కథలోకి ప్రవేశించినప్పుడు ఏమవుతుందో నిజామీ అరూజీ 'చహార్ మఖాలా' (సుమారు 1156) చూపిస్తుంది. బువైహ్ వంశపు రాకుమారుడొకడు తాను ఆవునని నమ్మి అంబా అని అరుస్తూ, తనను కోసి కూర వండమని వేడుకుంటూ అన్నం మానేశాడు. ఇబ్నె సీనా కసాయివలె కత్తి పట్టుకుని వచ్చి, కాళ్లూ చేతులూ కట్టించి, పక్కలు తడిమి, 'ఇది బక్కచిక్కి ఉన్నది, మేపి బలిపించండి' అని వెళ్లిపోయాడు. రాకుమారుడు తినసాగాడు, ఆహారంతో పాటు మందు లోపలికి పోయింది, జబ్బు కుదిరింది. రోగి నమ్మకాన్ని ఎగతాళి చేయక అందులోనుండే దారి వెతకడం ఈ కథలోని మెచ్చదగిన అంశం. కాని జ్ఞాపకం ఉండేది వైద్యుని చమత్కారమే. నెల రోజుల్లో కుదిరిన జబ్బుతో కథ ముగుస్తుంది. కుదరని జబ్బుకు కథ లేదు.

అటువంటి జబ్బులకు నిజంలో చోటు మాత్రం ఉండేది. 1183లో కైరో చూసిన యాత్రికుడు ఇబ్నె జుబైర్, అక్కడి ఆసుపత్రిలో మతి తప్పినవారికి ఇనుప ఊచల కిటికీల గదులు ఉన్నాయనీ, వారి స్థితిని ప్రతిదినం విచారించేవారు ఉన్నారనీ వ్రాశాడు. ఊచలూ ఉన్నాయి, రోజూ వచ్చి విచారించేవారూ ఉన్నారు.

ఈ రెండవది లేనప్పుడు ఏమవుతుందో లోకం చూసింది. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గాకు వచ్చిన రోగులను ఉంచిన ఒక ప్రైవేటు పాకకు నిప్పంటుకున్నది. సంకెళ్లలో ఉన్నవారు లేచి పరుగెత్తలేకపోయారు. 28 మంది మరణించారు. పిచ్చివానిని మజ్జూబ్ అనో, జిన్నాతు పట్టినవాడనో అనుకుంటూ పెరిగిన సమాజానికి, అతని కాలి సంకెల కూడా కథలోని సంకెలగానే కనిపించివుంటుంది.

ఉర్దూ కథలో ఈ సంకెలకు బరువు తెచ్చినవాడు సాదత్ హసన్ మంటో (1912-1955). 1950ల తొలి సంవత్సరాలలో మద్యం అలవాటు మాన్పించే చికిత్స కోసం అతనిని లాహోర్ మానసిక వైద్యశాలలో చేర్చారు. అంటే అతను ఆ వార్డులను లోపలి నుండి చూసినవాడు. భారత్, పాకిస్తాన్ ప్రభుత్వాలు 1950లో మానసిక రోగులను మతాన్నిబట్టి నిజంగానే మార్చుకున్నాయి. ఆ సంఘటనే 'టోబా టేక్ సింగ్' కథకు ఆధారం.

ఈ కథను దేశవిభజనపై వ్యంగ్యంగా చదవడం పరిపాటి. అది తప్పు కాదు, కాని ఆ చదువులో కథలోని రోగి మళ్లీ మరుగున పడిపోతాడు. మంటో ముందుగా ఒక నిజం చెబుతాడు: ఆ పిచ్చాసుపత్రిలో అందరూ పిచ్చివారు కారు. ఉరి తప్పించడానికి బంధువులు అధికారులకు లంచమిచ్చి చేర్పించిన హంతకులు కూడా ఉన్నారు. రోజుకు పదిహేను పదహారుసార్లు స్నానం చేసే మనిషి ఒకడు హఠాత్తుగా ఆ అలవాటు మానేస్తాడు. ఇక బిషన్ సింగ్ టోబా టేక్ సింగ్‌లో భూములున్న రైతు. ఉన్నట్టుండి మతి తప్పితే అతని వాళ్లే బరువైన ఇనుప సంకెళ్లు వేసి తెచ్చి అప్పగించారు. పదిహేనేళ్లలో అతను నడుము వాల్చి పడుకోలేదు. అప్పుడప్పుడు గోడకు ఆనుకోవడమే. పాదాలు వాచిపోయాయి, పిక్కలు ఉబ్బాయి. నోట ఎప్పుడూ అర్థం లేని ఒకే మాటల వరుస. అయితే రాజకీయం మారినప్పుడు ఆ వరుసలోని మాటలు కూడా మారుతుంటాయి. బయట జరిగేది అతని చెవిన పడుతూనే ఉన్నదన్నమాట. ఇది కల్పనతో వచ్చేది కాదు, దగ్గర కూర్చుని విన్నవాడు వ్రాసినది.

నెలకొకసారి ఇంటివాళ్లు చూడవచ్చే రోజు అతనికి ఎలాగో తెలిసేది. ఆ రోజు ఒళ్లంతా సబ్బు రుద్దుకుని స్నానం చేసి, తలకు నూనె రాసి దువ్వుకుని, ఎన్నడూ తొడగని బట్టలు అడిగి తొడుక్కునేవాడు. ఫిఖ్‌హ్ పండితులు వేరు చేసి చూపిన ఆ తెలివిగల వేళను కథలో చూపించినది ఈ స్నానమే. కూతురు రూప్ కౌర్ పసితనంలో తండ్రిని చూసి ఏడ్చేది, ఎదిగిన తరువాత కూడా ఏడ్చేది. అతను ఆమెను గుర్తుపట్టలేదు. ఎడారిలో ఖైస్ తండ్రిని అడిగిన ప్రశ్న ఇక్కడ అడగకుండానే నిలిచిపోయింది.

అల్లర్లు మొదలైన తరువాత ఎవరూ రాలేదు. చివరకు ఊరి మిత్రుడు ఫజల్ దీన్ వచ్చి, ఇంటివాళ్లంతా క్షేమంగా హిందూస్తాన్ చేరారని చెప్పాడు. రూప్ కౌర్ పేరు దగ్గరకు వచ్చేసరికి అతని మాట తడబడింది. ఆగి, ఆమె కూడా క్షేమమేనన్నాడు. ఆ పిల్లకు ఏమయిందో మంటో చెప్పలేదు. బిషన్ సింగ్ విన్నాడో లేదో కూడా చెప్పలేదు. ఫజల్ దీన్ తెచ్చిన మరమరాల ఉండల మూటను అందుకుని, పక్కనున్న కాపలావానికి ఇచ్చి, టోబా టేక్ సింగ్ ఎక్కడున్నదని మాత్రం అడిగాడు.