లండన్ – సిడ్నీ: మారని దూరం, మారిన ప్రయాణకాలం

గ్లోబు మీద లండన్ నుంచి సిడ్నీ వరకు దారం పట్టి కొలవండి. దూరం సుమారు 17,000 కిలోమీటర్లు వస్తుంది. వందేళ్ల కిందటా అంతే, నేడూ అంతే. ప్రయాణకాలం మాత్రం ఎంతో తగ్గింది. దీనికి కారణం విమానాల వేగం పెరగడమేనని మీరు భావించవచ్చు. అది పూర్తి సమాధానం కాదు. ఎందుకో చూద్దాం.

ఇంగ్లండ్ నుంచి 30 రోజుల్లోగా విమానంలో స్వదేశం చేరే ఆస్ట్రేలియన్లకు ఆ దేశ ప్రభుత్వం 1919లో 10,000 పౌన్ల బహుమతి ప్రకటించింది. రాస్ స్మిత్, కీత్ స్మిత్ సోదరులు ఇద్దరు మెకానిక్‌లతో కలిసి నవంబరు 12న లండన్ సమీపం నుంచి బయలుదేరి, డిసెంబరు 10న ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని డార్విన్ చేరారు. దాదాపు 28 రోజులు పట్టిన ఈ ప్రయాణంలో వారు గాలిలో ఉన్నది సుమారు 135 గంటలు, అంటే ఆరు రోజుల కంటే తక్కువ. మిగిలిన కాలమంతా నేల మీదే గడిచింది.

1935లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్, క్వాంటాస్ సంస్థలు కలిసి లండన్, బ్రిస్బేన్ నగరాల మధ్య ప్రయాణికుల సర్వీసు ప్రారంభించాయి. ప్రయాణానికి 12 రోజులకు పైగా పట్టేది. అప్పటి విమానాలు ఒక్కసారిగా ఎక్కువ దూరం వెళ్లలేవు. కాబట్టి దారి పొడవునా దిగే స్థలాలు, పెట్రోలు నిల్వలు, రాత్రి బసలు అవసరమయ్యాయి. కరాచీ, కలకత్తా, రంగూన్, సింగపూర్ వంటి మజిలీలు బ్రిటిష్ పాలనలో ఉండడం వల్లనే ఈ మార్గం సాధ్యమైంది.

1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ వశం కావడంతో ఈ మార్గం తెగిపోయింది. 1943 నుంచి క్వాంటాస్ కాటలీనా విమానాలు పెర్త్ నుంచి సిలోన్‌కు హిందూ మహాసముద్రం మీదుగా ఆగకుండా వెళ్లేవి. ఒక్కోసారి 30 గంటలకు మించి పట్టే ఆ ప్రయాణంలో సూర్యోదయం రెండుసార్లు కనిపించేది.

1947 డిసెంబరులో కాన్‌స్టెలేషన్ విమానం సిడ్నీ నుంచి లండన్‌కు నాలుగు రోజుల్లో చేరింది. దారిలో అది ఆగిన కలకత్తా, కరాచీ అప్పటికి రెండు స్వతంత్ర దేశాల నగరాలు. 2018లో పెర్త్ నుంచి లండన్‌కు, దాదాపు 14,500 కిలోమీటర్ల దూరం, ఎక్కడా ఆగకుండా సుమారు 17 గంటల్లో చేరే సర్వీసు మొదలైంది. ఒకప్పుడు తప్పనిసరి అయిన మజిలీల అవసరం దానికి లేదు.

కాబట్టి చారిత్రక ఆధారాల్లో ప్రయాణకాలం కనిపించినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఎక్కడెక్కడ ఆగారు? ఆ ప్రదేశాలు ఎవరి అధీనంలో ఉన్నాయి? ఆ ప్రయాణం ఎవరికి సాధ్యమైంది?

అభ్యాసం: మీ ఇంటి పెద్దల చిన్నతనంలో మీ ఊరి నుంచి జిల్లా కేంద్రానికి ఎంత సమయం పట్టేదో అడిగి తెలుసుకోండి. వాహనం కాక మరేమేమి మారాయో పది వాక్యాల్లో రాయండి.