ఏడు అడుగుల పడవ, రెండు వందల యాభై ఏళ్ల కాలవ

ఈ ఎపిసోడ్‌లో ఇంగ్లాండులోని ఒక పాత కాలవ గురించి మాట్లాడుకుందాం. పేరు ట్రెంట్ అండ్ మెర్సీ కెనాల్. పొడవు సుమారు 150 కిలోమీటర్లు. అందులో కొంత దూరం మేము అద్దె పడవ మీద వెళ్లాం. ఆ పడవని నారోబోట్ అంటారు. పొడవు 70 అడుగుల దాకా ఉండొచ్చు గానీ, వెడల్పు ఏడు అడుగుల లోపే. ఇంత సన్నగా ఎందుకు కట్టారు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్తే కాలవ చరిత్ర చాలావరకు తెలిసిపోతుంది.

18వ శతాబ్దంలో, ఇప్పుడు స్టోక్ ఆన్ ట్రెంట్ అంటున్న ప్రాంతం పింగాణీకి పేరు. బొగ్గు అక్కడే దొరికేది. మంచి మట్టి మాత్రం దూరాన ఉన్న డెవాన్ నుంచి సముద్రం మీద రావాలి. తయారైన సామాను గుర్రాల వీపు మీద, గతుకుల రోడ్ల మీద వెళ్లాలి. ఎన్ని దారిలోనే పగిలిపోయేవో ఊహించుకోండి. అందుకే జొసయా వెడ్జ్‌వుడ్ అనే పింగాణీ వ్యాపారి కాలవ కావాలని పట్టుబట్టాడు. 1766లో పార్లమెంటు చట్టం చేసింది. మొదటి గడ్డ మట్టి తవ్వింది కూడా ఆయనే.

ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ. ఆయనకి అడ్డొచ్చింది హేర్‌కాజిల్ కొండ. దాని కింద రెండున్నర కిలోమీటర్లకి పైగా సొరంగం తవ్వాలి. వెడల్పు పెంచితే ఖర్చు పెరుగుతుంది. పైగా లాకులు ఉన్నాయి కదా! గోదావరి జిల్లాల వాళ్లకి లాకు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తలుపులు మూసి, నీళ్లు నింపి పడవని పైకి లేపడం, నీళ్లు వదిలి కిందకి దించడం. పడవ దాటిన ప్రతిసారీ లాకెడు నీళ్లు పల్లానికి పోతాయి. కొండ మీద నీళ్లకి కరువు. అందుకని సొరంగం సన్నగా తవ్వారు, కొండకి ఎక్కే లాకులు ఏడు అడుగులకి కుదించారు. లాకు ఎంతో పడవా అంతే.

మేము వీలాక్ నుంచి కిడ్స్‌గ్రోవ్ దాకా ఎక్కాం. సుమారు 11 కిలోమీటర్లలో 26 లాకులు! ఈ ఎక్కుడుకి హార్ట్‌బ్రేక్ హిల్ అని పేరు. ఒకరు పడవ నడుపుతుంటే మిగతావాళ్లం ఇనుప హ్యాండిల్ పట్టుకుని గట్టు మీద ముందుకు నడవడం, తూములు ఎత్తడం, తలుపులు నెట్టడం. సాయంత్రానికి భుజాలు పట్టేశాయి.

కిడ్స్‌గ్రోవ్ దగ్గర నీళ్లు తుప్పు రంగులో ఉంటాయి. కొండలోని ఇనుము ఊరి వస్తుంది. అక్కడ పక్కపక్కనే రెండు సొరంగాల నోళ్లు కనిపిస్తాయి. ఒకటి బ్రిండ్లీది, 1777లో పూర్తయింది. ఆయన 1772లోనే పోయాడు, చూడలేదు. అందులో గుర్రం నడిచే గట్టు లేదు. గుర్రాన్ని కొండ మీదుగా తోలుకెళ్లేవారు. ఆ దారికి ఇప్పటికీ బోట్‌హార్స్ రోడ్ అనే పేరుంది. లోపల మనుషులు వెల్లకిలా పడుకుని, కాళ్లతో గోడని తన్నుకుంటూ, చీకట్లో గంటల తరబడి పడవని నడిపించేవారు. రెండోది థామస్ టెల్ఫర్డ్ తవ్వించింది, 1827లో తెరిచారు. మొదటిది కుంగిపోయి మూతపడింది. రెండో దాంట్లోంచి మేము డీజిల్ ఇంజను మీద ముప్పావుగంటలోపే బయటపడ్డాం.

1840ల నుంచి రైళ్లు పోటీకి వచ్చాయి. సన్న పడవ మోయగలిగింది పాతిక టన్నులు. పెద్ద పడవ తెద్దామంటే లాకులన్నీ మళ్లీ కట్టాలి. కిరాయి తగ్గించక తప్పలేదు. కూలివాణ్ణి పెట్టుకునే స్తోమత పోయి, చాలామంది పడవవాళ్లు భార్యనీ పిల్లల్నీ పడవ ఎక్కించారు. ఇంటి అద్దె కూడా మిగులుతుంది. సరుకుకి చోటు పోగా వాళ్లకి మిగిలింది సుమారు పది అడుగుల గది. పొయ్యి, పక్క, పిల్లలు అన్నీ అందులోనే. ఈ రోజు ఒక ఊరు, రేపు ఇంకో ఊరు అయితే బడి ఎక్కడ? 1877లో, 1884లో చట్టాలు చేసి, గదిలో ఎంతమంది ఉండొచ్చో లెక్క పెట్టారు. అయినా చదువు అందని పిల్లలు తర్వాత కూడా చాలామందే ఉన్నారు.

1962–63 చలికాలంలో కాలవలు వారాల తరబడి గడ్డకట్టాయి. అసలే చిక్కిపోయిన సరుకు రవాణా ఆ దెబ్బకి దాదాపు ఆగిపోయింది. కాలవలు పూడ్చకుండా నిలిచాయంటే 1946 నుంచి పోరాడిన ఔత్సాహికుల చలవ. 1968 చట్టం విహారానికంటూ కొన్ని కాలవల్ని గుర్తించింది.

ఇప్పుడు ఈ పడవల తలుపుల మీద గులాబీలు, కోటల బొమ్మలు చూసి అందరూ ఫొటోలు తీసుకుంటారు. మేమూ తీసుకున్నాం. ఆ బొమ్మలు ఒకప్పటి పడవ కుటుంబాలు తమ పది అడుగుల ఇంటికి వేసుకున్న ముగ్గుల్లాంటివి. మీరెప్పుడైనా వెళ్తే, ఫొటో తీశాక ఆ గది ఒకసారి అడుగులతో కొలిచి చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.